మట్టికోటకూ ఒక బోర్డు పెట్టించండి సారూ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలతో,

ఖిలా వరంగల్‌కు వచ్చినవాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్‌మహల్ చూసి వెళ్లిపోతారు. రాతికోట అవతల మట్టికోట ఒకటుందని చాలామందికి తెలియదు. దాని పక్కనుంచే రోజూ బండి మీద పోయే మావాళ్లకే అది ఉత్త మట్టిదిబ్బ!

కాకతీయుల రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారాక, గణపతిదేవుడి కాలంలో మొదలైన కోటను రుద్రమదేవి పూర్తిచేసింది. మట్టికోట వ్యాసం దాదాపు 2.4 కిలోమీటర్లు. దాని చుట్టూ ఓ కందకం, లోపల రాతిగోడ చుట్టూ మరొకటి. 1310లో దిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన ముందుగా దాటాల్సి వచ్చింది ఈ మట్టిగోడనే. దాని గట్టిదనాన్ని దిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రూ సైతం వర్ణించాడు. అవతలి పక్షం వాడి మాట కనుక నేను దానికి ఇంకాస్త ఎక్కువ విలువిస్తాను. 1323లో చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు దిల్లీ సేనకు బందీ అయ్యాడు, రాజ్యం పోయింది.

మేం అడిగేది పెద్ద ప్యాకేజీ కాదు. కట్ట హద్దులు సర్వే చేయించి రాళ్లు పాతించండి. రోడ్లు కోటను దాటే ప్రతిచోటా తెలుగులో, ఉర్దూలో చరిత్ర రాసిన బోర్డు పెట్టించండి. లోపల తరాలుగా కాపురముంటున్న కుటుంబాలతో మాట్లాడకుండా మాత్రం ఏ పనీ మొదలుపెట్టొద్దు.

ఇట్లు,
ఓ వరంగల్ వాసి