కానుగ చెట్టు కొట్టించొద్దు నాయనా

తాడిపత్రి

నాయనా,

నువ్వు పంపిన ఇంటి ప్లాన్ చూశాను. వంటగది నాకు బాగా నచ్చింది. కానీ పడమటి గోడకు నిలువెత్తు అద్దాలు, మూడు గదులకూ ఏసీలు, స్థలమంతా జేసీబీతో చదును. కానుగ చెట్టు ఉన్నచోట కారు షెడ్డు గీశారు. అది చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఫోన్‌లో అయితే అంతా చెప్పలేనని రాస్తున్నా.

ఇప్పుడున్న ఇంట్లో పడమటి గదిలో ఇరవై ఏళ్ళుగా పడుకుంటున్నదాన్ని. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంటుంది. మంచం మూరెడు ఇవతలికి జరుపుకుంటాను. దక్షిణం కిటికీతో ఆ బాధ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, రెండడుగుల సజ్జ వేస్తే చాలు. సాయంత్రం పడమట వాలిన ఎండ సజ్జ కిందనుంచి దూరి నేరుగా లోపలికొస్తుంది. దానికి అడ్డం నిలిచేది చెట్టే. ఆ కానుగ మీ తాత నాటింది. ఎండలు ముదిరేసరికి కొత్త ఆకు తొడుగుతుంది, గమనించావా? ఇల్లు దాని నీడలోకి జరిపించు. పడమట చిన్న కిటికీలు చాలు. పగలు మూసి, రాత్రి తెరుస్తాం. ఆషాఢం గాలి అటునుంచే కదా వచ్చేది.

అవ్వ వాళ్ళ మట్టి మిద్దె నీకు గుర్తుండదు. దూలాలు, వాటి మీద దంతెలు, పైన మందంగా చవుడు మట్టి. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగా ఉండేది. ఏటా వానలకు ముందు చవుడు పోయకపోతే కారేది కూడా, కాబట్టి మళ్ళీ అదే కట్టమనను. స్లాబు మీద తెల్ల సున్నం వేయించు, ఎండ తిప్పికొడుతుంది. గోడలకు కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టించిన పద్ధతి అడుగు. ఇటుకలు అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుక పావువంతు మిగులుతుంది, వేడీ తొందరగా లోపలికి రాదు. నేలకు మన నాపరాళ్ళే వేద్దాం. ఊరి పక్కనే దొరికేదాన్ని వదిలి ఎక్కడినుంచో టైల్స్ తెప్పించడం నాకు మనసొప్పదు.

స్థలం పక్కనున్న వాగు వైపు వాలుగా ఉంది, ఆ వాలు చెడగొట్టొద్దు. ముందు గది రెండు మెట్లు కిందికి వస్తే ఏం పోతుంది? మన దగ్గర ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అయినా వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అది 50 వేల లీటర్లు. పల్లం ఈశాన్యంలోనే ఉంది, ఆ నీళ్ళకు సంపు అక్కడ తవ్వితే మీ నాయనకు వాస్తు చింత కూడా ఉండదు.

సోలార్ తప్పక పెట్టిద్దాం. మూడు కిలోవాట్లకు కేంద్రం 78 వేల సబ్సిడీ ఇస్తోంది. ఇల్లు చల్లగా కడితే ఒక్క ఏసీ సరిపోతుంది, అప్పూ తగ్గుతుంది.

ఆదివారం రా. సాయంత్రం నాలుగింటికి చెట్టు నీడ ఎంతవరకు పడుతుందో చూసి, మనమే సున్నంతో ముగ్గు పోద్దాం. అంతవరకు జేసీబీ అతన్ని రావద్దను.

మీ అమ్మ