సెలవుల్లో మిగిలిన ఆలుగడ్డలను పిల్లలకు వండవద్దు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు, వసతి గృహాలు తెరుచుకునే వేళ జిల్లా అధికారులకు, వార్డెన్లకు, వంటవారికి మీ పత్రిక ద్వారా ఒక మాట విన్నవించుకోదలిచాను. బియ్యం, పప్పులకు పురుగు పట్టిందేమోనని చూసేవారున్నారు గానీ, సెలవులకు ముందు కొని వంటగది మూలన వదిలేసిన ఆలుగడ్డ బస్తాను అనుమానించేవారు తక్కువ. మొలకలను వేలితో గిల్లిపారేసి, పచ్చబడిన గడ్డలను కూడా మిగతావాటితో కలిపి తరిగేస్తుంటారు.

1969లో లండన్‌లోని ఒక బాలుర పాఠశాలలో ఇలాగే వేసవికి ముందు నుంచి మిగిలిపోయిన బస్తాలోని గడ్డలను వండిపెడితే, 78 మంది పిల్లలు వాంతులు, విరేచనాలతో అస్వస్థులయ్యారు. వారిలో 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అందరూ కోలుకున్నారు.

జహీరాబాద్ వైపు పండేది, ఉత్తరాది నుంచి లారీల్లో దిగేది తప్ప మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ పంట పెద్దగా లేదు కనుక, మొక్కను చూసినవారే అరుదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి సొలానమ్ ట్యూబరోసమ్ అని పేరు పెట్టి వంకాయ, కామంచి ఉన్న ప్రజాతిలోనే చేర్చాడు. ఉమ్మెత్తదీ ఇదే కుటుంబం. ఆకు, కాండం, చిన్న టమాటాల్లా కాసే పచ్చికాయలు అన్నీ విషమే. మనం తినే గడ్డ వేరు కాదు, నేలలో ఊరిన కాండం. అందుకే వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చదనం ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానివల్ల హాని లేదు. అయితే అదే వెలుతురుకు సొలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు కూడా పెరుగుతాయి. పురుగుల నుంచీ తెగుళ్ల నుంచీ కాచుకోవడానికి మొక్క తయారుచేసుకునేవి ఇవి. కిలో గడ్డల్లో ఇవి 200 మిల్లీగ్రాములు మించకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న పరిమితి. మొలకల్లో, తొక్కలో, తొక్క కిందనే ఇవి ఎక్కువ. బాగా ఉడికిస్తే పోతుందిలే అనుకోవడం పొరపాటు. నీళ్లు మరిగే వేడికి ఇవి నశించవు.

అంగడిలో మరో వింత చూస్తుంటాం. చిన్న రంధ్రం కనిపిస్తే గడ్డను పక్కన పడేసేవారే, తోపుడుబండి మీద ఎండకు ఒక పక్క పచ్చబడినదాన్ని లేతదనుకొని సంచిలో వేసుకుంటారు. ఆ రంధ్రం దుంపతొలుచు పురుగు పని. దాని చిమ్మెట గడ్డ కళ్ల దగ్గర, అంటే మొలకలు వచ్చే గుంటల దగ్గర, గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోతుంది, కంటి దగ్గర నల్లటి పెంట కనిపిస్తుంది. అలాంటివి త్వరగా కుళ్లుతాయి గనుక ఏరివేయవలసిందే. అంతే తప్ప, పురుగు వస్తుందని వంటసరుకుల గదిలో మందు పొడి చల్లడం మాత్రం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

కాబట్టి బడి తెరిచే ముందే పాత బస్తాలను తీసివేయించాలి. కొత్త సరుకును గాలి ఆడే చీకటి చోట ఉంచి, కొంచెం పచ్చబడిన గడ్డకు ఆ భాగాన్ని మందంగా చెక్కేయాలి, బాగా పచ్చబడితే పారేయాలి. బండ్లవారు ఎండ తగలకుండా గోనెపట్టా కప్పుకుంటే చాలు. కూర చేదుగా ఉందనో నాలుక మండుతోందనో పిల్లవాడు చెబితే, బలవంతంగా తినిపించకుండా వంటవారు ముందు తాము రుచి చూడాలి. బరువు తక్కువ కాబట్టి పెద్దలకు ఏమీ కాని మోతాదే పిల్లలను ఇబ్బంది పెట్టగలదు. వసతి గృహాల తనిఖీకి వచ్చే అధికారులు బియ్యం, నూనెలతో పాటు ఆలుగడ్డ బస్తాను కూడా విప్పించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు,
నల్లగొండ