పండక్కి వచ్చేలోపు పాప ఊపిరి గురించి నాలుగు మాటలు

ముక్తేశ్వరం

ఒరేయ్ సూరిబాబూ,

సంక్రాంతికి పాపను తీసుకుని వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ అమ్మకి కాలు నిలవడం లేదు. చెల్లెమ్మకి పొట్టిక్కలంటే ఇష్టమని పనసాకుల కోసం ఇప్పట్నుంచే మనుషుల్ని పురమాయిస్తోంది. తప్పకుండా రండి. కాకపోతే పాపకి అప్పటికి రెండు నెలలు కూడా నిండవు కదా, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతోంది. చెల్లెమ్మ చేత కూడా చదివించు.

పోయిన చలికాలం మా పద్మ చిన్నోడికి వచ్చిన జబ్బు గురించి నీకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పానేగానీ అసలు సంగతి చెప్పలేదు. ముందు పెద్దదానికి మామూలు రొంప పట్టింది. అది ముక్కు కారుతూనే తమ్ముణ్ణి ముద్దులాడేది. చిన్నోడికి అప్పటికి నెలన్నర. జ్వరం లేదు, దగ్గు లేదు. పాలు పడితే మాత్రం రెండు గుక్కలు తాగి వదిలేసి ఆయాసపడేవాడు. ఆ మధ్యాహ్నం నిద్రలో వాడి పొట్ట కదలడం ఆగిపోయింది. చూస్తుండగానే పెదాల చుట్టూ నీలం తిరిగింది. పద్మ అరికాలి మీద గట్టిగా తట్టేసరికి ఉలిక్కిపడి, ఊపిరి లాక్కుని ఏడ్చాడు. దిష్టి తగిలిందని పక్కింటివాళ్ళు ఉప్పూ మిరపకాయలూ తెచ్చేలోపే మేం 108కి ఫోన్ చేశాం. అమలాపురంలో ఆక్సిజన్ పెట్టించుకుని ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పరిగెత్తాం. పరీక్ష చేస్తే ఆర్ఎస్‌వి అనే వైరస్ అని తేలింది.

ఈ వైరస్‌ని 1956లో అమెరికాలో రొంప పట్టిన చింపాంజీల్లో మొదట కనిపెట్టారు. మరుసటేడు పసిపిల్లల్లోనూ దొరికింది. రెండేళ్ళు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకీ ఒకసారైనా సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైతే మామూలుగా ఉత్త రొంపే. కానీ రెండు నెలల్లోపు పిల్లల్లో, అందులోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, దగ్గు కంటే ముందు ఊపిరి ఆగడమే మొదటి గుర్తు కావచ్చునట. ఆ మాట డాక్టరమ్మ నోట విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. జ్వరం వస్తేనే జబ్బు అనుకునే ఇళ్ళు మన వైపు ఎన్ని ఉన్నాయో ఆలోచించు.

పసివాళ్ళ ఊపిరి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. నిద్రలో గబగబా పీల్చి, ఓ ఐదు పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలెడతారు. దానికి కంగారు పడొద్దు. 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువే ఆగి రంగు మారినా, బిడ్డ వేలాడిపోయినా మాత్రం ఇక క్షణం ఆలోచించకూడదు. పాప నిద్రపోయేటప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం నిండా లెక్కపెట్టు. రెండు నెలల్లోపు నిమిషానికి 60, ఆ తర్వాత ఏడాది లోపు 50, అంతకు చేరితే ఆయాసం కిందే లెక్క. డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, ముక్కు పుటాలు ఎగురుతున్నా, ఊపిరికోసారి మూలుగుతున్నా, తడి బట్టలు మార్చడం తగ్గినా అంతే.

ఇంత చిన్న వైరస్‌కి ఇంత గొడవేంటంటే, అంతా దారి ఇరుకు వల్లే. పసివాళ్ళ గొంతు కింద గాలిగొట్టంలో బాగా ఇరుకైన చోట వెడల్పు 4 మిల్లీమీటర్ల దగ్గర. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే దారి పావు వంతు మిగులుతుంది, గాలి లాగడం 16 రెట్లు కష్టమవుతుంది. చిన్నప్పుడు బొప్పాయి కాడతో బూరలు చేసి ఊదేవాళ్ళం చూడు, సన్నకాడ దొరికితే బుగ్గలు నొప్పెట్టేవి కదా, అలాగన్నమాట. పైగా మొదటి నెలల్లో వాళ్ళకి నోటితో పీల్చడం సరిగా చేతకాదు. ముక్కు దిబ్బడేస్తే పాలు కూడా తాగలేరు. పాలు పట్టే ముందు ఉప్పునీటి చుక్కలు వేసి ముక్కు శుభ్రం చేయడం చిన్నపనిలా కనిపిస్తుందిగానీ, చిన్నోడికి ఆసుపత్రిలో చేసిన వైద్యంలో సగం అదే. మిగతా సగం ఆక్సిజన్, గొట్టంతో పాలు, కంటి మీద రెప్ప వేయకుండా కాపలా. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు.

చప్పుడు కూడా వినాలిరా. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే వాపు కింద ఊపిరితిత్తుల సన్నగొట్టాల్లో ఉన్నట్టు. లోపలికి పీల్చేటప్పుడు గరగరమని కీచు శబ్దం వస్తే పైన, స్వరపేటిక దగ్గర. దీన్ని క్రూప్ అంటారు. ఎక్కువగా ఆరు నెలలు దాటిన పిల్లల్లో అర్ధరాత్రి వస్తుంది, దగ్గు అచ్చం కుక్క మొరిగినట్టే ఉంటుంది. పారాఇన్‌ఫ్లూయెంజా అనే వైరస్ వల్ల రావడం మామూలు. అయితే 2022లో ఒమిక్రాన్ కోవిడ్ తిరిగినప్పుడు చాలా దేశాల్లో పిల్లలు ఈ దగ్గుతోనే ఆసుపత్రులకొచ్చారు. చాలామందికి డెక్సామెథసోన్ ఒక్క మోతాదుతో నెమ్మదిస్తుంది, అదీ డాక్టరే ఇవ్వాలి. బిడ్డని ఏడిపించకుండా నిటారుగా ఎత్తుకోవడం మన పని. ఏడ్చేకొద్దీ ఆ దారి ఇంకా మూసుకుపోతుంది.

స్నానం కాగానే సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె చుక్కలు, నాలిక్కి తేనె, ఇవేవీ వద్దు. భోగిమంటల దగ్గరికి పాపను తీసుకురానే వద్దు. ఆ పొగ పెద్దవాళ్ళకే పడదు. దగ్గు సిరప్ సంగతి ఎత్తకు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కల్తీ సిరప్ తాగి పసివాళ్ళు పోయారు. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. సాంబ్రాణి మానడానికి మొదట్లో ససేమిరా అన్న మా అమ్మ ఇప్పుడు వీధిలో బాలింతలందరికీ తనే చెబుతోంది. పండగ మూడు రోజులూ చుట్టాలు చేతులు కడుక్కునే పాపని ఎత్తుకోవాలని, రొంప ఉన్నవాళ్ళు గుమ్మం దాటకూడదని ఆవిడే తీర్మానించింది. ముద్దులు పూర్తిగా బంద్. మా పెద్ద బావగారు నొచ్చుకుంటే నొచ్చుకోనీ, నేను చూసుకుంటాను.

పాప నెలలు నిండాకే పుట్టిందా? కొంచెం ముందైతే ప్రయాణం గురించి అక్కడి డాక్టరుని ఒకసారి అడుగు. వద్దంటే మానేయండి, ఉగాదికి వద్దురుగాని. సరేనంటే ఏ బండికి వస్తున్నారో చెప్పు, రాజమండ్రి స్టేషన్‌కి కారు తీసుకుని నేనే వస్తాను, బస్సుల్లో ఆ రద్దీలో వద్దు.

నీ
రాంబాబు