చేప మందు కాదు, చేపలో పరీక్ష

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రికలో ‘చిట్టి చేపతో క్యాన్సర్‌కు చెక్’ అని ఒక వార్త వేశారు. ఆ రోజు పొద్దున ఎనిమిది కాకముందే కావలి నుంచి మా తమ్ముడి ఫోను. “అన్నా, ఆ చేప మందు మద్రాసులో ఎక్కడిస్తారో కనుక్కో. మూడో కీమో రెండు వారాలు వెనక్కి జరపమని డాక్టర్ని అడుగుదాం” అన్నాడు.

వాడి భార్యకు రొమ్ము క్యాన్సర్. చెన్నైలోనే చూపిస్తున్నాం. అప్పటికి రెండు కీమోలు అయ్యాయి. జుట్టు ఊడింది, నోరంతా పూసింది, అన్నం సయించడం లేదు. అలాంటి ఇంట్లో మీ హెడ్డింగ్ ఎలా చదువుకుంటారో ఊహించండి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో కొరమీను పిల్ల నోట్లో వేసి ఉబ్బసానికి చేప ప్రసాదం ఇస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. వాడిది తప్పనను. ‘చేపతో’ అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే.

నేను ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి వార్త చివరిదాకా చదివాను. లోపల ఉన్న సంగతి వేరు. రోగి కణితిలోంచి తీసిన కణాలను జీబ్రా ఫిష్ అనే చిన్న చారల చేప రెండు రోజుల పిల్లల్లోకి సన్నటి సూదితో ఎక్కించి, ఏ మందుకు ఆ కణాలు చస్తున్నాయో చూడటం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని షాంపలిమో పరిశోధన సెంటర్ వాళ్లు 2017లో పెద్దపేగు క్యాన్సర్‌తో ఇది చేసి చూపించారు. ఎలుకల్లో నెలలు పట్టే పని చేప పిల్లల్లో నాలుగు రోజుల్లో తేలుతుంది. రోగి బదులు చేప మందు తాగుతుంది కాబట్టి దానికి ‘అవతార్’ అని పేరు పెట్టుకున్నారు. మత్స్యావతారం మనకేం కొత్త కాదు గానీ, ఇది ఆస్పత్రి కౌంటర్లో దొరికే మందు మాత్రం కాదు. అప్పుడు వాళ్లు చేపలో కనిపించిన ఫలితాన్ని రోగికి నిజంగా జరిగినదానితో పోల్చి చూసింది ఐదుగురి విషయంలో. నలుగురిలో సరిపోయింది. మంచి ఆరంభమే, ‘చెక్’ కాదు.

అలాగని చేపెక్కడ, మనిషెక్కడ అని వెక్కిరించేవాళ్ల పక్షాన నేను లేను. మా ఇల్లు కొళత్తూరులో, రంగు చేపల అంగళ్లకు దగ్గర. మనవడు కొనుక్కున్న ఆరు జీబ్రా చేపలు హాల్లో తొట్టిలో ఉన్నాయి. అంగడివాడు చిల్లర సరుకుగా చూసే ఈ చేప మన గంగ నీళ్లది. 1822లో హామిల్టన్ అనే దొర గంగలోని చేపల మీద వేసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. పొద్దున లైటు వెలగ్గానే గుడ్లు పెడతాయి, పెట్టినవి పెట్టినట్టు అవే తినేస్తాయి. అందుకని అడుగున గోలీలు పరిచాం, గుడ్లు సందుల్లోకి జారిపోతాయి. ఒక గుడ్డు తీసి నా పాత మైక్రోస్కోపు కింద పెడితే రెండో రోజుకే గుండె కొట్టుకుంటోంది. మూడో రోజు బయటికొచ్చిన పిల్ల గాజు పెంకులా ఉంది. తోకలో రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి పరుగెడుతుంటే చూస్తూ మనవడు బడికి లేటయ్యాడు. కోయకుండానే లోపల జరిగేది కనపడటం, అదీ ఈ చేప గొప్ప. 2013లో దీని జీనోమ్ వివరాలు అచ్చయినప్పుడు మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి దీంట్లో జోడీ ఉందని తేలింది.

కానీ దీనికి రొమ్ములు లేవు, ఊపిరితిత్తులు లేవు. 28 డిగ్రీల నీళ్లలో బతికే ప్రాణి ఇది, మనిషి కణానికి 37 కావాలి. మధ్యలో 34 దగ్గర పెట్టి నెట్టుకొస్తారు. నాలుగైదు రోజుల పిల్లకు రోగనిరోధక శక్తి పూర్తిగా రాదు, అందుకే మన కణాలను తోసెయ్యదు. అదే కారణంగా, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందుల గురించి అది చెప్పే సాక్ష్యం అంతంత మాత్రం.

మా అక్క కీళ్లవాతానికి లెఫ్లునోమైడ్ మాత్ర వేసుకుంటుంది. 2011లో బోస్టన్ పరిశోధకులు సుమారు 2,000 రసాయనాలను జీబ్రా ఫిష్ పిండాల మీద పరీక్షించినప్పుడు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను ఈ మందు అణచగలదేమోనన్న ఆశ కనిపించింది. ఎలుకల్లోనూ కణితి ఎదుగుదల తగ్గింది. ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వేశారు. ఇన్నేళ్లయినా అది క్యాన్సర్ మందుగా ఆమోదం పొందలేదు. ఆనాడు ఎవరైనా ‘కీళ్ల మాత్రతో క్యాన్సర్‌కు చెక్’ అని రాసి ఉంటే మా అక్క డబ్బాకు ఎంతమంది చుట్టాలు పుట్టుకొచ్చేవారో! లివర్ టెస్టులు చేయించుకుంటూ జాగ్రత్తగా వాడాల్సిన మందు అది.

వార్త రాసేది ఒకరు, హెడ్డింగ్ పెట్టేది ఇంకొకరు అని నాకు తెలుసు. మీ విలేకరి సరిగ్గానే రాశాడు, ‘ఇంకా పరిశోధన దశలోనే ఉంది’ అని. ఆ మాట చిట్టచివరి పేరాలో ఉంది. నేను అడిగేది దాన్ని పైకి తెమ్మనే. వైద్య పరిశోధన వార్త ప్రతిదానికీ హెడ్డింగ్ కింద ఒక్క వాక్యం వేయండి: ఇది చూసింది గాజు పళ్లెంలోనా, చేపలోనా, ఎలుకలోనా, మనిషిలోనా, మనిషిలో అయితే ఎంతమందిలో, ఇవాళ ఆస్పత్రిలో దొరుకుతుందా లేదా. బంగారం ధర గ్రాముతో సహా రోజూ వేస్తున్నారు, దీనికీ చోటు దొరకదా? ‘చెక్’ అనే మాటను మాత్రం క్యాన్సర్ పక్కన పెట్టకండి.

మూడో కీమో తారీఖు మార్చనివ్వలేదు. ముందు రోజే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి మా ఇంట్లో దిగారు. మర్నాడు ఆస్పత్రిలో తమ్ముడు ఫైలు తెరిస్తే, స్కాన్ రిపోర్టుల మధ్య మీ వార్త కటింగ్ నాలుగు మడతలు పెట్టి ఉంది. డాక్టరమ్మ దాన్ని విప్పి చూసి, టేబుల్ మీద పక్కన పెట్టి, బ్లడ్ రిపోర్టు అడిగింది. వచ్చేటప్పుడు వాడు ఆ కటింగ్ మళ్లీ ఫైల్లోనే పెట్టుకున్నాడు. నాలుగోది వచ్చే గురువారం.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్,
కొళత్తూరు, చెన్నై