సత్తిబాబూ, అది బొమ్మ కారు కాదురా

సెమిలిగూడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిబాబూ,

నువ్వు పంపిన వీడియో చూసి కూడా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నానని అలిగావట, చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. అలక మానెయ్. ఇక్కడ అల్లం నాటే రోజులు. పంపుసెట్లు కాలబెట్టుకుని ఒకడి వెనక ఒకడు షాపు మీద పడుతున్నారు, రివైండింగ్‌కి వచ్చిన మోటార్లు గుమ్మం దాటి రోడ్డు మీదకి వచ్చేశాయి, మధ్యాహ్నం భోజనం నాలుగింటికి అవుతోంది. ఇవాళ కరెంటు పోయింది కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మాట పూర్తి కానివ్వవు, ఉత్తరంలో ఆ బాధ లేదు.

ఉక్రెయిన్ యుద్ధంలో మనిషి లేకుండా రిమోటుతో నడిచే చిన్న బండి ఉన్న ఆ వీడియో కింద "చూడరా, యుద్ధానికి పిల్లల బొమ్మ కారు పంపించారు" అని రాసి నవ్వే బొమ్మలు నాలుగు తగిలించావు కదా. నెల్లాళ్ల కిందట అయితే నేనూ నవ్వేవాణ్ణే. ఇప్పుడు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు మా మేనల్లుడి బండి సంగతి చెప్పాలి.

నాని గాడు పాలిటెక్నిక్ రెండో ఏడాది. వాడూ ఇంకో ముగ్గురూ కలిసి ఆరు చక్రాల బండి ఒకటి కట్టారు. పాత ఈ-రిక్షా మోటార్లు రెండు నా షాపులోవే, వైండింగ్ నేనే వేసిచ్చాను. పైన బల్లచెక్క, దాని కింద బ్యాటరీలు, బొమ్మ విమానాలకి వాడే రిమోటు. ఎందుకంటే మా బావ పొలం కొండవాలు మీద ఉంది, గెత్తం బస్తాలు పైమడికి మోయలేక నడుం పడిపోతోందని. ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టింది. మన ఎర్రమట్టి తడిస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పాలా, చెప్పు తీసి పడేసి నడవాల్సిందే. అయినా బండి రెండు బస్తాలేసుకుని బాగానే ఎక్కింది, పిల్లలంతా వెనకాల ఒకటే పరుగు. మలుపు దగ్గర నీలగిరి చెట్ల దిబ్బ ఉంది చూడు, దాని వెనక్కి వెళ్లేసరికి సిగ్నల్ తెగిపోయింది. ఆగుతుందనుకున్నాం. ఆగలేదు! వీడు ఆఖరుగా "ముందుకి పో" అన్నాడు, రిసీవరు ఆ మాటే పట్టుకుని కూర్చుంది. మేం ఆయాసపడుతూ పరిగెత్తి వెళ్లి చూస్తే తిన్నగా పోయి గెడ్డలో పడి ఉంది, చక్రాలు మాత్రం పైకి తిరుగుతూనే ఉన్నాయి. బావ గట్టు మీద నిలబడి చుట్ట తీసి ఒక్కటే మాట అన్నాడు: "ఎద్దుని తోలితే ఇంటికైనా తిరిగొచ్చేదిరా."

ఆ రాత్రి నీ వీడియో మళ్లీ చూశాను. అప్పుడు అర్థమైంది, గాల్లో ఎగిరే డ్రోను పనే సుళువని. దానికి ఎదురేముంది? నేల మీద పోయేదానికి ప్రతి గుంతా గొడవే. పైగా దాని యాంటెన్నా మోకాలెత్తు. రేడియో తరంగానికి దిబ్బ అడ్డం, గోడ అడ్డం, తడి ఆకులు అడ్డం. రష్యా వాళ్లు ఉరాన్-9 అని మనిషి లేని ట్యాంకు లాంటిది చేశారు, పది టన్నుల పైన బరువు, 30 మిల్లీమీటర్ల ఫిరంగి. సిరియాలో దింపి చూస్తే ఏం తేలిందో 2018లో వాళ్ల వాళ్లే చెప్పారు. కిలోమీటర్ల దూరం నుంచి నడపొచ్చు అనుకున్నది ఇళ్ల మధ్యకి వెళ్లేసరికి మూడు నాలుగొందల మీటర్లకే మాట వినడం మానేసిందట. చాలాసార్లు నిమిషంలోపు తేరుకుంది గానీ రెండుసార్లయితే గంటన్నర దాకా పలకలేదు. ఫిరంగి ఉన్న బండి గంటన్నర సేపు ఎవరి మాటా వినకుండా ఊళ్లో ఉందంటే ఆలోచించు! మా నాని గాడి బండిలో గెత్తం బస్తాలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఇది కొత్తగా పుట్టిన బుద్ధేం కాదురా. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ వాళ్లు గోలియత్ అని చేశారు. పొడవు మన టేకు మంచమంత కూడా ఉండదు, ఎత్తు తొడ దాకా, లోపల 60 కిలోల పేలుడు మందు. 1942 నుంచి 7,500 పైనే చేశారు. దాన్ని తీగతో నడిపేవాళ్లు, ఆరు వందల యాభై మీటర్ల తీగ. మూడు పోగులు: రెండు నడపడానికి, ఒకటి పేల్చడానికి. నడిచొచ్చే మందుపాతర అనుకో. మనం దాని మీద కాలు వెయ్యనక్కర్లేదు, అదే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. అయితే నడక మెల్లగా, పైరేకు పలచన. 1944లో వార్సా తిరుగుబాటులో జనం ఏం చేశారంటే దాని వెనకాల పాక్కుంటూ పోయి తీగ తెంపేశారు. కత్తిరింపుతో అయిపోయింది కథ.

ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ తీగే వచ్చింది చూడు. ఉక్రెయిన్‌లో రెండు వైపులా సిగ్నల్‌ని చెడగొట్టే జామర్లు పెట్టేసరికి రేడియో పని చెయ్యక, వెంట్రుకంత సన్నటి ఫైబరు తీగ కట్టి డ్రోన్లు వదులుతున్నారు. పది ఇరవై కిలోమీటర్ల చుట్ట ఒకటి డ్రోనుకే తగిలిస్తారు, అది పోతూ పోతూ వదులుకుంటూ పోతుంది. చుట్ట మన దగ్గర ఉంటే అది తీగని లాక్కుంటూ పోవాలి, చిక్కుపడి తెగుతుంది, అందుకే దాని వీపునే పెట్టారు. గాలిపటం చరఖా గాలిపటానికే కట్టినట్టు. పొలాల మీద ఆ తీగలు సాలెగూళ్లలా పరుచుకుని ఎండకి మెరుస్తున్న ఫొటోలు చూశాను, చూడ్డానికి అందంగానే ఉన్నాయి, అదే భయం. నేల బండ్లకీ ఇది కడుతున్నారు గానీ బండి వెనక్కి తిరిగితే సొంత చక్రమే తీగ మీదకి ఎక్కుతుంది. అందుకని ఇంకో దారి పట్టారు, బండి నెత్తిన స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్లెం పెట్టేశారు, లేదంటే పైన ఒక డ్రోనుని నిలబెట్టి దాని మీదుగా సిగ్నల్ అందిస్తారు. దిబ్బ వెనక నాని గాడికి లేనిది అదే.

ఇంత తిప్పలు పడి బండ్లెందుకు, లారీ పంపొచ్చు కదా అంటావు. పంపలేరు. ఆకాశం నిండా డ్రోన్లే. ముందు వరసకి ఆఖరి పది పదిహేను కిలోమీటర్లు ఏ పెద్ద బండి కనపడినా నిమిషాల్లో బూడిద. గోతిలో కూర్చున్నవాడికి నీళ్లు కావాలి, తూటాలు కావాలి, బ్యాటరీలు కావాలి. మనిషి వీపున మోసుకెళితే ముప్పై కిలోలు, ఆ మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. ఈ బండి నూట యాభై, రెండొందల కిలోలు వేసుకుని చీకట్లో నేలకి కరుచుకుని పోతుంది. పోతే ఇనుము పోతుంది. చాలా బండ్లు పోతున్నాయి కూడా, బురదలో దిగబడి, మందుపాతర మీదకెక్కి, డ్రోను దెబ్బకి. తుపాకీ ఉన్న వీడియోలే మనకి వస్తాయి గానీ వీటి అసలు పని కూలిపని. మోత.

మోత అంటే నాకు డోలీ గుర్తొస్తుంది. మనం చూడనిదా? పొట్టంగి పైఊళ్ల నుంచి పురిటి నొప్పులొస్తున్న మనిషిని దుప్పట్లో వేసి కర్రకి కట్టి నలుగురు వంతులు మార్చుకుంటూ రోడ్డు దాకా తేవడం. వాళ్లు ఆ కర్ర భుజం మార్చుకునేటప్పుడు దుప్పటి ఒక్కసారి ఊగుతుంది చూడు, లోపలి మనిషి అప్పుడే మూలుగుతుంది, అది నా చెవిలో ఉండిపోయింది. యుద్ధంలో గాయపడ్డవాణ్ణి మొయ్యడానికీ నలుగురు కావాలి, కానీ నలుగురు కలిసి నడిస్తే పైనున్న డ్రోనుకి నలుగురూ ఒకేచోట దొరుకుతారు. అందుకని డోలీ కూడా బండే. 2025 నవంబరులో ఉక్రెయిన్ వాళ్లు బయటపెట్టిన సంగతొకటి ఉంది. గాయపడ్డ సైనికుడు శత్రువుల వెనక చిక్కుపడి 33 రోజులు ఉండిపోయాడు. ఆరుసార్లు తేవాలని చూస్తే కుదరలేదు. ఏడోసారి ఉక్కు మూత ఉన్న బండి వెళ్లింది, వాడు తనంతట తనే లోపలికి పాకి పడుకుని మూత వేసుకున్నాడు. దారిలో చక్రం కింద మందుపాతర పేలింది, అయినా బండి ఆగలేదు, దెబ్బతిన్న చక్రాన్ని ఈడ్చుకుంటూ దాదాపు ఆరు గంటలకి తెచ్చి దింపింది. ఆ పెట్టెలో చీకట్లో పడుకున్నవాడికి డ్రైవరు ముఖం కూడా లేదు సత్తిబాబూ, పలకరించేవాడు లేడు.

తుపాకీ సంగతి కూడా చెబుతాను, లేకపోతే దాటేశానంటావు. 2024 డిసెంబరులో ఖార్కివ్ దగ్గర లిప్ట్సి అనే ఊరి పక్కన ఉక్రెయిన్ దళం ఒకటి మొత్తం యంత్రాలతోనే దాడి చేసింది, కింద మెషిన్‌గన్ బండ్లు, పేలిపోయే బండ్లు, పైన డ్రోన్లు, ముందు వరసలో మనిషి లేడు. తర్వాత 2025 జూలైలో అదే ఖార్కివ్ వైపు ఇంకో దళం ఒక బండిని పంపి రష్యన్లున్న గుంట దగ్గర పేల్చింది. రెండో బండి వస్తోంది. లోపలున్నవాళ్లు అట్టముక్క మీద లొంగిపోతాం అని రాసి పైకెత్తారు. బండికి చూపించడానికి! ఆ తర్వాత డ్రోను దారి చూపిస్తుంటే దాని వెనక నడిచి వచ్చి పట్టుబడ్డారు. నాకు ఆ అట్టముక్కే కళ్ల ముందు ఉండిపోయింది. ఏ సరుకు పెట్టెదో చింపి ఉంటారు, పెన్ను దొరికిందో బొగ్గు దొరికిందో. కెమెరా అటువైపు తిరక్కపోతే? ఆ క్షణానికి సిగ్నల్ తెగి, ఆఖరి మాట "ముందుకి పో" అయి ఉంటే?

ఇక "మనిషి లేని యుద్ధం" అని పేపర్లలో రాస్తారే, అది చదివితే మెకానిక్‌గా నాకు ఒళ్లు మండుతుంది. మెషిన్‌గన్ బండి ఒకటి నెలన్నర పాటు ఒక చోటుని ఒక్కతే కాపాడిందని గొప్పగా చెప్పారు. సరే, మధ్యలో రెండ్రోజులకోసారి దాన్ని వెనక్కి తెచ్చి బ్యాటరీ మార్చి, తూటాలు నింపి, బాగుచేసి పంపారు. ఎవరు చేశారయ్యా అది? ఎక్కడో ఒక నేలమాళిగలో నా లాంటివాడు, గోళ్ల నిండా గ్రీజుతో. నడిపేవాడొకడు, పైన డ్రోనుతో దారి చూపేవాడొకడు, బాగుచేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు. 2025 ఒక్క ఏడాదికే ఉక్రెయిన్ 15,000 నేల బండ్లు సైన్యానికి ఇస్తామంది. రోజూ బురదలో మునిగొచ్చే పదిహేను వేల మోటార్లకి బేరింగులు ఎవడు మారుస్తున్నాడో అని నాకు దిగులు. నువ్వు నవ్వుతావు, నవ్వుకో.

మన వైపు కూడా ఈ బండ్లున్నాయి, చంపడానికి కాకుండా బాంబు తియ్యడానికి. ఈ దారి వేసింది బ్రిటిష్ సైన్యంలో మిల్లర్ అనే కల్నలు. 1972లో ఉత్తర ఐర్లండ్‌లో కారు బాంబుల దగ్గరకి మనుషులు వెళ్లి చచ్చిపోతుంటే, తోటపనికి వాడే కరెంటు తోపుడు బండి తీసుకుని దానికి తాడూ కొక్కెం కట్టి పంపాడు. అందుకే దాని పేరు ఇప్పటికీ తోపుడు బండే, వాళ్ల భాషలో వీల్‌బారో. మన డీఆర్‌డీవో పుణే ల్యాబు చేసిన దక్ష్ అదే వంశం, 350 కిలోలు, మెట్లెక్కుతుంది, బాంబు మీదకి నీటిని తూటాలా కొడుతుంది. నీరెందుకంటే మందు అంటుకునేలోపే సర్క్యూట్ చెదిరిపోవాలి. 2011 ఆఖర్లో మొదటి అయిదు సైన్యానికి ఇచ్చారు. 2025 జనవరిలో పుణేలో ఆర్మీ డే పరేడ్‌లో నాలుగు కాళ్ల కుక్కల్లాంటి యంత్రాలు కూడా నడిచాయి, మోతకీ నిఘాకీ.

అవి చూస్తుంటే నాకు సుంకి ఘాటే గుర్తొచ్చింది. 2017 ఫిబ్రవరిలో పోలీసుల బండి కింద మందుపాతర పేలింది కదా. సాలూరు నుంచి ఆ మలుపులెక్కి వచ్చేటప్పుడు నువ్వు బస్సులో పాట ఆపేసేవాడివి, గుర్తుందా? అంత పొడుగు ఘాట్ రోడ్డులో ఏ కల్వర్టు కింద ఏముందో వెతకడానికి దక్ష్ లాంటివి ఎన్ని కావాలి చెప్పు. ఒక చోట ఉందని తెలిశాక తియ్యడానికి అది పనికొస్తుంది, ఎక్కడుందో తెలియనప్పుడు మళ్లీ మనిషీ కుక్కా నడవాల్సిందే.

సరే, నాని గాడు బండిని గెడ్డలోంచి లాగి కడిగి ఆరబెట్టాడు. ఒక మోటారు పోయింది, మళ్లీ వైండింగ్ వేశాను, డబ్బులడిగితే వాళ్లమ్మ నా మీదకొచ్చింది. ఈసారి సిగ్నల్ పోయిన అర సెకనులో మోటార్లు ఆగి బ్రేకు పడేలా పెట్టాం. షాపు ముందు రిమోటు ఆఫ్ చేసి ఇరవైసార్లు చూశాం, పంతొమ్మిదిసార్లు ఆగింది. ఆ ఇరవయ్యోసారి ఎందుకు ఆగలేదో ఇంకా దొరకలేదు, వైరు లూజు అయి ఉంటుందని వాడంటాడు, నాకు కంట్రోలరు మీదే అనుమానం. నువ్వు వచ్చేటప్పుడు విశాఖలో 24 వోల్టుల మోటారు కంట్రోలర్లు రెండు పట్టుకురా, బిల్లు పెట్టుకో, డబ్బులు ఇస్తాను. చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని శుక్రవారానికి వస్తే కుందులి సంత కూడా చూపిద్దాం. సాలూరులో బస్సెక్కాక ఒక ఫోన్ కొట్టు, ఘాట్‌లోకి వచ్చాక నీ సిగ్నలూ పోతుంది.

నీ
రాజు

ఇంకొకటి. బావ ఎద్దుల్ని అమ్మడం లేదు, నేను కనుక్కున్నాను.