లిబరేటర్ ముక్కులో సీసం

విశాఖపట్నం,
మార్చి 8.

చిరంజీవి సుధకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. చలి తగ్గాక మీ అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. ఇప్పుడు రాయడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. సంక్రాంతి నాడు మనం మాట్లాడుకున్నప్పటికి నేను చేస్తున్న ఆ పాత బాంబర్ విమానం మోడల్‌కు, మన లిబరేటర్‌కు, రెక్కలు ఇంకా అతికించలేదు కదా, ఆ తర్వాత సంగతులు నీకు చెప్పనే లేదు. అవి చెబుదామని కూర్చున్నాను.

రెక్కలు అతికాయి. అసలు విమానానికి ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగులు. మన 1/72 స్కేలులో 46 సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. నీ చదువు బల్ల మీదే పెట్టాను. పుస్తకాలేవీ కదపలేదు, నిఘంటువు ఒక్కటే రెక్క కింద ఎత్తుకు వాడుకున్నాను. ఇంజన్లకు వారం రోజులు పట్టింది. ఒక్కోదానికి ఏడేసి చొప్పున రెండు వరుసల్లో 14 సిలిండర్లు, నాలుగింటికీ కలిపి 56. ముందు నల్లరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో వెండిరంగు పైపైన తాకించాలి. అప్పుడే రెక్కలు రెక్కలుగా లేచిన లోహం కంటికి ఆనుతుంది. పైన తొడిగే కౌలింగు గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా గాలి పీల్చే దారులు ఉండడంతో కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటుంది. నువ్వు లండన్‌లో హెండన్ విమానాల మ్యూజియంలో తీసి పంపిన ఫోటో ముందు పెట్టుకునే ఆ వంపు సరిచేశాను. ఆ రోజు వానలో వెళ్లావు, గొడుగు కూడా తీసుకెళ్లలేదు.

ఆదివారం సరోజ పిన్ని ఫోను చేసింది. నువ్వు జనవరిలోనే ఉద్యోగం మానేశావని, ఇల్లు కూడా మారావని ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. పిన్నికి కూడా అదే చెప్పాను. సరే, ఆ మాట అలా ఉంచు.

ఈ విమానాలంటే నాకింత పట్టుదల ఎందుకో నీకు తెలుసు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన వీటిని కాన్పూరులో వదిలేసింది. అమెరికా ఇచ్చిన సరుకు కాబట్టి, మళ్లీ ఎగరకుండా పాడుచేసి మరీ వెళ్లారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటిలోంచి పనికొచ్చే వాటిని ఏరి, ఎగరగలిగేంత వరకు అక్కడే అతుకులు వేస్తే, జమ్షెడ్ మున్షీ అనే పైలట్ వాటిని బెంగళూరుకు నడిపాడు. అక్కడ పూర్తిగా బాగుచేసిన ఫిట్టర్లలో మీ తాతయ్య ఒకరు. ఒకదాని తోక, ఇంకొకదాని చక్రం తెచ్చి మూడోదానికి పెట్టేవాళ్లమని చెప్పేవారు. 1948 నవంబరులో వాటితోనే 5వ స్క్వాడ్రన్ మొదలైంది. 1968 దాకా మన వాయుసేనలో ఎగిరాయి. నువ్వు చూసి వచ్చింది వాటిలో ఒకటి, మన వాయుసేనలో దాని నంబరు హెచ్‌ఈ 807. 1974లో మనవాళ్లే ఆ మ్యూజియానికి ఇచ్చారు. దాని రివెట్లలో తాతయ్య చేతివి ఎన్ని ఉన్నాయో అనుకుంటూ ఫోటోలను పెద్దవి చేసి చూస్తుంటాను.

అసలు చెప్పాలనుకున్నది బరువు సంగతి. లిబరేటర్‌కు ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు. ఆ రెండింటికి వెనకాల చాలా పొడవైన ఒళ్లు, జంట తోకలు, గన్నరు గూడు. మోడల్‌లో ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది. అది తెలిసి కూడా చిన్న సీసం ముక్క ఒకటి పెట్టి, చాలుననుకుని ఒంటి రెండు సగాలూ అతికించేశాను. అతుకుకు పుట్టీ పెట్టి, నీళ్ల కాగితంతో మూడు రోజులు రుద్ది, చేత్తో తడిమితే గీత తెలియనంత నున్నగా చేశాను. రెక్కలు పెట్టి, చక్రాలను టేపుతో నిలిపి బల్ల మీద దించితే తోక ఠప్పుమని కిందికి వాలింది. పెట్టెలో తోక కింద పెట్టే కడ్డీ ఒకటి ఇచ్చారు. అది పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తాతయ్య బాగుచేసిన విమానం ఊతకర్ర మీద నిలబడడం ఏమిటి! మర్నాడు పొద్దున్నే చేపల రేవుకు వెళ్లి, వలలకు కట్టే సీసపు గుండ్లు కొన్నాను. సన్నటి బ్లేడుతో ముక్కు దగ్గర అతుకు విప్పడానికి రెండు రాత్రులు పట్టింది. ఒక్కసారి బలంగా నొక్కితే అద్దాల గూడు పగిలిపోతుంది. పైలట్ల గది కింద, ముందు చక్రం గూడు చుట్టూ, గుండ్లను సుత్తితో చదును చేసి కూరాను. తెల్ల జిగురుతో అంటించకూడదు, కొన్నేళ్లకు సీసం తెల్లగా పూసి, ఉబ్బి, అతుకునే పగలగొడుతుంది. ఎపాక్సీతో అంటించాను. చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగితే గానీ మీ అమ్మ అన్నం పెట్టలేదు. తర్వాత బల్ల మీద పెడితే మూడు చక్రాల మీదా నిలబడింది. తోకను వేలితో నొక్కి వదిలినా మళ్లీ ముక్కు మీదికే వచ్చింది. ఆ రాత్రి పదకొండింటికి నీకు ఫోటో పంపాను. నువ్వు చూసినట్టు ఫోనులో గుర్తు పడింది.

చూశావు కదా, అదే చాలు అనుకున్నాను. కానీ తల్లీ, ఒక్క మాట. ఉద్యోగం మానడం తప్పు కాదు. మానే ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, వీసా కాగితాల గడువు చూసుకోవాలి, ఇంటి అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవాలి. ఇవన్నీ నీకు తెలియనివి కావు. ఉపదేశాలు రాయకూడదని అనుకునే మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో పంపిన ఆవకాయ పార్సిల్ అందినట్టు కొరియర్ వాళ్లు చూపిస్తున్నారు, సంతకం మాత్రం ఎవరిదో. అన్నం వండుకుంటున్నావా?

బాంబుల అర తలుపులు మూసే ఉంచాను. దుకాణం షట్టరులా ఒంటి పక్కలకు చుట్టుకునే తలుపులు అవి, తెరిచి చూపిస్తే అందంగా ఉంటుంది. కానీ రంగం మీద, అదే బర్మాలోని రంగూన్ మీద, బాంబులు వేసినవాటిలో లిబరేటర్లూ ఉన్నాయి. మా పెద్ద మామయ్య ఆ రంగం రేవులోనే పనిచేసేవాడు. 1941 డిసెంబరులో జపాను విమానాలు అక్కడ బాంబులు కురిపించాక ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద కూడా పడితే జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పోయారు. మా అమ్మమ్మ మాత్రం కదల్లేదట. వాడికి తెలిసిన చిరునామా ఇదొక్కటే, వచ్చి తలుపు కొడితే ఎవరు తీస్తారు అందట. జ్యేష్ఠంలో వచ్చాడు, అడవుల్లో నడిచి, పాదాలు పుండ్లుపడి. ఎందుకు ఉత్తరం రాయలేదని ఎవరూ అడగలేదట, నీళ్లు కాచి పోశారట. మోడల్‌తో వచ్చిన బాంబులు ప్లాస్టిక్ చట్రంలోనే ఉన్నాయి, కత్తిరించలేదు.

ఇక మిగిలింది వెండిరంగు, గుర్తులు. తాతయ్య రోజుల్లో మొదట అశోకచక్రం ఉండేది, 1950 నుంచి మూడు రంగుల వలయం. చక్రమే వేద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావో చెప్పాక వేస్తాను, తొందరేం లేదు.

ఈ ఉత్తరం పాత చిరునామాకే పంపుతున్నాను. నువ్వు అక్కడ లేకపోయినా ఎవరో ఒకరు అందిస్తారు. మీ అమ్మ ఊలు సాక్సులు కూడా పెట్టమంది, వేరే కవరులో వస్తాయి. నీ గది తుడిపించాను, రంగుల వాసన పోవడానికి రెండు కిటికీలూ తెరిచి ఉంచుతున్నాను. నువ్వు వస్తే విమానాన్ని హాల్లోకి మారుస్తాను. ఏ వేళకైనా ఫోను చెయ్యి, ఈ మధ్య రాత్రి రెండింటి దాకా బల్ల దగ్గరే ఉంటున్నాను.

ఆశీస్సులతో,
నాన్న