పరారీలో ఉన్నవారి పరువు గురించి

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

అవినీతి కేసులో వారెంట్ రాగానే విదేశం చెక్కేసిన నాయకుడు, దర్యాప్తు చేసిన అధికారిపైనే పరువునష్టం కేసు వేయొచ్చు. తాను రాడు, వాయిదాలకు తిరగాల్సింది అధికారే. కొట్టి మొరపెట్టుకోవడమంటే ఇదే.

2018 నాటి పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం 14వ సెక్షన్ ఇలాంటివారి సివిల్ దావాలను అడ్డుకునే అధికారం కోర్టులకిచ్చింది. సంతోషం. కానీ అది 100 కోట్లు, ఆపైన కేసుల్లో, కోర్టు పరారీ నేరగాడిగా ప్రకటించినవారికే. 90 కోట్ల కేసులో పారిపోయినవాడి పరువు భద్రం! పైగా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వేసే పరువునష్టం క్రిమినల్ ఫిర్యాదుకు ఆ అడ్డు వర్తించదు. 2 ఏళ్ల జైలు భయం అధికారికే.

వారెంట్ ఉన్నవాడు ముందు లొంగిపోవాలి, ఆ తర్వాతే ఫిర్యాదు అని నిబంధన చేర్చండి. లొంగిపోయాక నిక్షేపంగా వేసుకోమనండి; అధికారులూ నోటికొచ్చింది అనకూడదుగా.

ఇట్లు,
ఒక ఓటరు